కంబళిని గుర్తుపట్టినవాడు

ఆఫీసులో ఏసీ చలి ఎక్కువని ఇంట్లో ఒకసారి నోరు జారాను. మా నాయన కేశవప్ప అప్పుడే గొర్రెల దొడ్డిలోంచి వస్తున్నాడు. ఆ మాట చెవిన పడగానే భుజం మీది నల్ల కంబళి తీసి నా ముందు పెట్టాడు.

"తీసుకొని పో రా. కాళ్ళ మీద కప్పుకొని పని చేసుకో. చలి నీ దగ్గరికి రాదు."

"ఆఫీసులోనే స్వెట్టర్లు ఇస్తారు నాయనా" అన్నాను.

స్వెట్టర్లు లేవు, గాడిద గుడ్డూ లేదు. హోసూరులో మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. ఇరవైమందిమి వరసగా కంప్యూటర్ల ముందు కూర్చుంటాం. అందరి మధ్య గొర్రె వాసన కొట్టే కంబళి కప్పుకొని కూర్చోవడం కన్నా రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కోవడం మేలనిపించింది. ఆ రోజు నుంచి రెండు చొక్కాలతోనే పోయేవాణ్ణి.

నా పని ఏమిటో చెబితే నవ్వుతారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఫోటోలు చూడటం. ఏఐ, ఏఐ అని ఊరంతా అంటున్నారే, అది ఏనుగును ఏనుగని తనంతట తాను తెలుసుకోదు. ఎవరో ఒకరు ముందు లక్షల ఫోటోల మీద పేర్లు పెట్టి దానికి చూపించాలి. ఆ ఎవరో ఒకరం మేము. అడవి అంచున చెట్లకు కట్టిన కెమెరాలు తీసిన ఫోటో తెర మీదికి వస్తుంది. అందులో ఉన్నదాని చుట్టూ గీత గీసి ఏనుగు, ఎలుగు, పశువు, మనిషి, ఏమీ లేదు అనే అయిదింటిలో ఒకటి నొక్కాలి. ఫోటోకు ఆరు సెకన్లు. ఒకే ఫోటో ముగ్గురికి పోతుంది. ముగ్గురూ ఒకే పేరు పెడితే అదే నిజం. ఒకడు వేరే పేరు పెడితే వాడికి మార్కు పోతుంది, వాడు చెప్పిందే నిజమైనా సరే.

రెండేళ్ళ కిందట, వానల కాలంలో, నా పక్క సీటులో భూమిక కొత్తగా చేరింది. డెంకణికోట పిల్ల, అప్పుడే డిగ్రీ అయింది. పని నేర్పించమని మా టీమ్ లీడర్ లోకనాథ్ ఆమెను నాకు అప్పగించాడు. మూడో రోజు ఒక ఫోటో ముందు ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదేమన్నా, ఇట్లుంది?"

తెల్లవారుతున్న వేళ, మంచు. గట్టు మీద ఒక నల్లటి ముద్ద. మొహం లేదు, కాళ్ళు లేవు. వెనక నిలబడి చూసిన లోకనాథ్ నవ్వాడు.

"కరడి. పొద్దున్నే కాఫీ ఎవురు తెస్తారా అని కాచుకొని కూర్చోనుంది."

మా వైపు ఎలుగును కరడి అనే అంటాం. హాలంతా నవ్వింది. భూమిక కూడా నవ్వి నా వైపు చూసింది.

నాకు ఒక్క సెకను చాలింది. కంబళి ఒక మూలను లోపలికి మడిచి తల మీద గూడులాగా వేసుకుంటే, వెనక నుంచి చూసినప్పుడు నడినెత్తిన ఆ మడత రెండు పొరలుగా లేచి కనబడుతుంది. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాణ్ణి నిద్ర లేపి చూపించినా అదేమిటో చెబుతాడు. పైగా కింది అంచు దగ్గర చేతికర్ర కొన బయటికే ఉంది. అది మనిషి. ఏ ఊరివాడో, ఎవరి నాయనో, చలికి ముడుచుకొని కూర్చున్నాడు.

"సార్, అది కంబళి కప్పుకున్న మనిషి" అంటే అయిపోయేది. కానీ నీకెట్లా తెలుసని లోకనాథ్ అడుగుతాడు. ఆ ఆఫీసులో చేరిన మొదటి రోజే మాకు మామిడి తోట ఉందని చెప్పుకున్నాను. కృష్ణగిరి జిల్లాలో మామిడి తోట అంటే ఎవరూ అనుమానించరు. బళ్ళో చదివేటప్పుడు గొర్రె కంపని నా బెంచీలో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆ బెంచీని మళ్ళీ ఈ హాల్లోకి తెచ్చుకోవడం ఇష్టం లేకపోయింది.

అందుకని నేనూ నవ్వాను. "కరడే. నొక్కు" అని భూమికకు చెప్పాను. ఆమె నొక్కింది, నేను నొక్కాను, మూడోవాడూ నొక్కాడు. నిజం తయారైంది. సాయంత్రానికి లోకనాథ్ ఆ ఫోటోను, ఏ ఫోటోకు ఏ పేరు పెట్టాలో చెప్పే మా పని పుస్తకంలో పెట్టి, ఇలాంటి నల్ల ముద్ద కనబడితే ఎలుగు అని కింద రాశాడు.

తరవాత అలాంటివి వందలు వచ్చాయి. కూర్చున్నవి, వంగినవి, మందల వెనక నడుస్తున్నవి. తేలు కుట్టిన దొంగలాగా కిక్కురుమనకుండా అన్నిటికీ ఎలుగు అనే నొక్కాను. ఆ ఫోటోలు ఏ రాష్ట్రానివో కూడా మాకు చెప్పరు. యాడో ఎవరో, మనకెందుకు అని సర్దిచెప్పుకున్నాను. మిగతావాళ్ళు పెట్టిన పేరుతో ఎక్కువసార్లు కలిసింది నేను పెట్టినదేనని ఆ ఏడు నాకు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. నాయన దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటం పక్కన తగిలించాడు.

మా ఊరు జవళగిరి పక్కన, అడవికి ఆనుకొని ఉంటుంది. పోయిన ఏడు వానలు అయిపోయాక కృష్ణగిరి నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చి శ్రీరామప్ప గారి రాగి చేను గట్టున స్తంభం పాతి కెమెరా పెట్టారు. శ్రీరామప్ప మా ఊళ్ళో పెద్ద రైతు. ఏనుగో ఎలుగో కనబడితే స్తంభం మీది సైరన్ మోగుతుంది, ఊళ్ళో అందరి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది. సంస్థ తరఫున వచ్చిన జనార్ధనరావు దాని గురించి చెబుతుంటే, మా ఆఫీసులో మేము పేర్లు పెట్టిన ఫోటోలతోనే ఆ మిషన్ నేర్చుకుందని నాకు అర్థమైంది. గొప్పగా ఆ మాట నలుగురిలో అన్నాను కూడా.

మిషన్ మంచిదే, లేనిపోనివి చెప్పను. మొదటి నెలలోనే మూడు ఏనుగులు రాగి చేలోకి దిగబోతే ముందే చెప్పింది. మా మేనత్త మారక్క తెల్లవారకముందే కట్టెలకు బయలుదేరి, ఫోన్ మోగితే సగం దారిలో వెనక్కి తిరిగి వచ్చేసింది. "ఆ మిషన్ లేకుంటే ఈ పొద్దుకు నేను పటమై గోడకు తగులుకొని ఉందును" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రాత్రుళ్ళు మంచె మీద కాపలా పడుకొనేవాళ్ళు ఇళ్ళల్లో పడుకోవడం మొదలుపెట్టారు.

"మన కేశవప్ప కొడుకే దానికి చదువు చెప్పినాడంట" అని శ్రీరామప్ప బస్టాండులో అనేవాడు. నాయన ఆ స్తంభం కింద మందను తోలుకొని పోయేటప్పుడల్లా దానికి చెయ్యెత్తి మొక్కేవాడట. మారక్క చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎండాకాలం గనుక అప్పుడు ఆయన భుజం మీద కంబళి మడతపెట్టి ఉంది. వానలు మొదలైతే దాన్ని కప్పుకొని కూర్చుంటాడని నాకు తెలుసు. ఆ పక్కకు పోయేటప్పుడు కప్పుకోవద్దు నాయనా అని ఒక్క మాట చెప్పాల్సింది. ఎందుకు అని అడుగుతాడు గదా, అందుకని చెప్పలేదు.

ఈ ఏడు కార్తీకంలో ఒక మంగళవారం పొద్దున ముసురు పట్టింది. నేను హోసూరులో ఉన్నాను. జరిగింది తరవాత మారక్క చెబితే విన్నాను.

రాగి చేను గట్టు మీద మా గొర్రె ఒకటి ఈనింది. వానకు తడవకుండా నాయన పిల్లను ఒళ్ళో పెట్టుకొని, కంబళి నెత్తి మీదినుంచి కప్పుకొని, వంగి కూర్చున్నాడు. సైరన్ మోగింది. కరడి తిరుగుతోంది, జాగ్రత్త అని ఊరి ఫోన్లన్నిటికీ మెసేజ్ పోయింది. శ్రీరామప్ప ఇంకో పదిమందిని వెంటేసుకొని రాళ్ళూ టపాకాయలూ తీసుకొని పరిగెత్తాడు. సైరన్ నాయనకూ వినబడింది. కరడి ఎటు నుంచి వస్తుందో తెలియక, పిల్ల అరిస్తే దాని కంట పడుతుందని కంబళి ఇంకా దగ్గరికి లాక్కొని, కదలకుండా కూర్చున్నాడు. మొదటి రాయి శ్రీరామప్పది. ఎడమ కనుబొమ మీద తగిలింది.

"నేనప్పా, కేశవప్పను" అని లేచి నిలబడ్డాడట. చేతిలో గొర్రెపిల్ల ఉందట.

ఎనిమిది కుట్లు పడ్డాయి. కంటికి ఏమీ కాలేదని కృష్ణగిరి ఆసుపత్రిలో చెప్పారు. నేను ఇల్లు చేరేసరికి శ్రీరామప్ప మా నాయన మంచం పక్కన నేల మీద కూర్చొని ఏడుస్తున్నాడు. ఎప్పుడూ మా ఇంట్లో నేల మీద కూర్చున్న మనిషి కాదు ఆయన.

"నా చెయ్యి విరిగిపోనీ కేశవప్పా. కండ్లుండీ చూడకుంటిని."

"నువ్వేం చేస్తావప్పా. మిషన్ చెప్పె, నువ్వు కొడితివి. దానికి తెలియకుండా చెప్తుందా. నేనే అట్ల కనబడి ఉంటాను" అన్నాడు నాయన.

కొట్టినవాడు ఏడుస్తున్నాడు. దెబ్బ తిన్నవాడు ఓదారుస్తున్నాడు. ఆ దెబ్బకు దారి వేసినవాణ్ణి నేను, ఆఫీసు బ్యాగు భుజానే ఉండగా గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూసి నాయన నవ్వబోయాడు, కుట్లు లాగినట్టున్నాయి, ఆపేశాడు. ఆ క్షణంలో ఇల్లు కూలి నా మీద పడినా బాగుండేదనిపించింది.

ఆదివారం శ్రీరామప్ప వాకిట్లో ఊరు కూడింది. జనార్ధనరావు కృష్ణగిరి నుంచి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మిషన్‌కు మళ్ళీ నేర్పించాలంటే ఏడాది పడుతుందండీ. అంతవరకు గొర్రెలు కాసేవాళ్ళు ఈ పక్క కంబళి వేసుకోకుండా ఉంటే చాలు. అందరికీ నారింజ రంగు జాకెట్లు ఇప్పిస్తాను. ఆ రంగు కనబడితే మనిషని దానికి తెలుస్తుంది."

"వానకు ఆ ప్లాస్టిక్కు కప్పుకోమంటావా?" అంది మారక్క. "మా పెండ్లిండ్లు కంబళి మీద, మా దేవర కంబళి మీద. నీ మిషన్ నిన్న వచ్చింది. తెలియకుంటే అదే నేర్చుకోవాల గానీ, మనిషి నేర్చుకోవాలంటే ఎట్లప్పా?"

కొందరు అవునన్నారు. మిషన్ లేకుంటే పంట దక్కదని కొందరన్నారు. మాట మాట పెరిగింది. అప్పుడు నాయన లేచాడు. కనుబొమ మీద కట్టు అట్లాగే ఉంది. భుజం మీది కంబళి తీసి, దులిపి, వాకిలి మధ్యలో పరిచాడు.

మా ఇళ్ళల్లో అదొక పద్ధతి. తగువు వస్తే కంబళి పరుస్తారు. చెప్పాల్సినవాడు చెప్పులు విప్పి దాని మీద కూర్చుంటాడు. దాని మీద కూర్చొని ఎవరూ అబద్ధం చెప్పరు. చెబితే ఏమవుతుందో కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెప్పినవాడు లేడు.

"మా అనంతుడు ఆ పని తెలిసినవాడు" అన్నాడు నాయన. "వాడు చెప్పనీ. మిషన్‌కు నేను కరడి మాదిరి ఎందుకు కనబడితిని? నా తప్పుంటే కంబళి మానేస్తాను, ఇంకో మాట లేదు. రా, కూర్చోని చెప్పు."

ఊరంతా నా వైపు చూసింది. మిషన్ తప్పు కాదు, నాయన తప్పు కాదు, మనిషి అని తెలిసీ నేనే ఎలుగని చెప్పాను అంటే సరిపోయేది. జాకెట్ల మాట అక్కడితో ఆగేది. నా కాలు ముందుకు పడలేదు.

"ఈడ నిలబడే చెప్తాను నాయనా. ప్యాంటు నలుగుతుంది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఈ రోజుకీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. నిలబడే చెప్పాను. వెలుతురు తక్కువన్నాను, ముసురన్నాను, పర్సెంటేజీ అన్నాను, డేటా అన్నాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు కాబట్టి అందరూ తలలూపారు. జనార్ధనరావు కరెక్టుగా చెప్పారని మెచ్చుకున్నాడు.

నాయన నా కాళ్ళ వైపు చూశాడు. నేను చెప్పులు కూడా విప్పలేదు. కాసేపు చూసి, వంగి, కంబళి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"సరి. అట్లనే కానీండప్పా" అన్నాడు.

ఇంటికి పోయే దారిలో నాయన నా కన్నా ముందు నడిచాడు. మా దొడ్డి కనబడే చోట ఆగాడు.

"ఆ ఫోటోల్లో కంబళి కనబడిందా నీకు?"

"కనబడింది నాయనా."

"చేతికర్ర?"

"కనబడింది."

"చెప్పేదానికేమి మరి?"

"సిగ్గయ్యింది."

ఆయన తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. "ఊఁ" అన్నాడు. దొడ్డి తడిక తీసి లోపలికి పోయి గొర్రెలను ఒక్కొక్కదాన్నే తడిమి చూసుకున్నాడు. బయటికి వచ్చాక అడిగాడు.

"ఆ జాకెట్టు హోసూరులో దొరుకుతుందా?"

"వాళ్ళే ఇస్తారంట కదా నాయనా."

"వాళ్ళది వద్దు. నువ్వు తెచ్చియ్యి."

తెచ్చాను. తరవాతి శనివారం సాయంత్రం హోసూరులో, బాగలూరు రోడ్డులో కొన్నాను. ఆదివారం పొద్దున నా చేతులతోనే తొడిగాను. రోడ్డు పని చేసే మేస్త్రీలాగా ఉన్నాడు. దొడ్డి ముందుకు పోయి నిలబడితే గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నక్కాయి. ఆయన నోరు తెరిచి పిలిచేదాకా ఒక్కటీ బయటికి రాలేదు. మారక్క చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది. ఆమెకు నాయన చెప్పాడో లేదో ఇప్పటికీ అడగలేదు.

సోమవారం నేను బస్సుకు బయలుదేరుతుంటే నాయన కంబళి మడతపెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఆఫీసులో చలి అంటివి కదా. నాకింక దీంతో పనిలేదు. కప్పుకో."

ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే నాకు చలేస్తుందని ఇస్తున్నాడు. ఈసారి స్వెట్టర్లు ఉన్నాయని చెప్పలేదు, తీసుకున్నాను.

జవళగిరి నుంచి హోసూరు దాకా అది నా ఒళ్ళోనే ఉంది. ముసురుకు తడిసి ఆరిన వాసన. పక్క సీటాయన ఒకసారి చూసి కిటికీ వైపు జరిగాడు. ఆఫీసు మెట్ల దగ్గర దాన్ని బ్యాగులో దూర్చుదామని చూశాను, పట్టలేదు. అట్లాగే చేత పట్టుకొని పోయి, సీట్లో కూర్చొని, భుజాల మీదుగా కప్పుకున్నాను.

లోకనాథ్ వచ్చాడు. "ఏమప్పా అనంతూ, ఏమిది వేషం?"

"మా నాయనది సార్. మాకు మామిడి తోట లేదు. గొర్రెలుండాయి." అంతటితో ఆపలేదు. పని పుస్తకంలోని ఆ నల్ల ముద్ద మనిషని చెప్పాను. మా ఊళ్ళో జరిగిందీ చెప్పాను.

లోకనాథ్ చెడ్డవాడు కాదు. నా కంప్యూటర్‌లో పని పుస్తకం తెరిచి ఆ ఫోటో మళ్ళీ చూశాడు.

"ఆ ఫోటోలు పోయి రెండేండ్లాయె. ఎన్ని ఊర్లలో ఆ మిషన్ పెట్టినారో మనకు తెలియదు. వెనక్కి తెప్పించేదానికి కాదప్పా. పైవాళ్ళకు రాస్తాను. ఈ పొద్దు నుంచి మనిషి అని నొక్కండి" అని తన గదిలోకి పోయాడు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. భూమిక తన తెర మీద ఆ పాత ఫోటో తెరిచి చూస్తూ ఉంది. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదని తెలిసింది. నేను కంబళి మూల లోపలికి మడిచి, తల మీద గూడులాగా వేసుకొని, కుర్చీలో వంగి ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను.

"ఇప్పుడు చూడు" అన్నాను.

వెనక ఆమె కుర్చీ దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"అన్నా" అంది. "ఆ పొద్దు నీకు తెలుసునా?"

"తెలుసు."

"నాకు తెలియక నిన్ను అడిగినాను కదన్నా. నా చేత ఎందుకు నొక్కించినావు?"

కంబళి తీసి, ఆమె వైపు తిరిగి జవాబు చెప్పాలి. లోపల చీకటిగా ఉంది, మా నాయన వాసన వేస్తోంది. మూల పట్టుకున్నాను గానీ తీయడానికి చెయ్యి రాలేదు.